ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఎవరికి ఏం మారుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ గ్రామ పంచాయతీని, దానిని ఆనుకుని ఉన్న తండాతో సహా పక్క మున్సిపాలిటీలో కలుపుతారని వినిపిస్తోంది. భూముల ధర పెరుగుతుందని ఊళ్లో కొందరు సంబరపడుతుంటే, పన్నులు పెరుగుతాయని మరికొందరు వద్దంటున్నారు. మీ అమ్మగారు ఉపాధి హామీ పనికి వెళతారు. మీకు 150 గజాల స్థలం ఉంది. ఇల్లు ఇప్పుడే కట్టుకోవాలా, విలీనం అయ్యేదాకా ఆగాలా, అసలు ఊరు విడిచి పట్నంలోనే అద్దెకు ఉండడం మంచిదా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా పనిచేశాను. నా చేతిలో ఉన్న పంచాయతీ ఒకటి మున్సిపాలిటీలో కలిసినప్పుడు రికార్డులు కట్టలు కట్టి అప్పగించింది నేనే. ఆ అనుభవంతో చెప్పాలంటే, స్థలమూ కాగితాలూ సరిగా ఉన్నవారికి విలీనం వల్ల కలిగే లాభం నెమ్మదిగా వస్తుంది. కూలి మీద బతికేవారికి కలిగే నష్టం మాత్రం వెంటనే వస్తుంది. ఈ రెండూ కాక, నిర్ణయం తీసుకునే మనిషి అందరికీ ఒకేసారి దూరమవుతాడు. పన్నుల గురించి వాదించుకునే హడావిడిలో ఊరు ఈ మూడో మార్పును లెక్కలోకి తీసుకోదు. అందువల్ల ముందుగా దాని గురించే చెబుతాను.

ఒక ప్రాంతాన్ని పట్టణంగా గుర్తించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాధాన్యం వంటి అంశాలను దృష్టిలో ఉంచుకోవాలని రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం చెబుతుంది. దృష్టిలో ఉంచుకోవాలన్నదే తప్ప, ఇంత శాతం మంది వ్యవసాయంలో ఉంటే కలపరాదన్న గీత ఆ అధికరణంలో లేదు. అంతిమ నిర్ణయం ప్రభుత్వానిదే. గ్రామసభ తీర్మానం చేసి పంపితే అది అభిప్రాయంగా నమోదవుతుంది గాని విలీనాన్ని ఆపే అధికారం దానికి లేదు. గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాల సంగతి వేరు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప పట్టణ సంస్థలకు సంబంధించిన రాజ్యాంగ భాగం అక్కడ వర్తించదు. భద్రాచలం అంత పెద్ద ఊరై ఉండి కూడా పంచాయతీగానే కొనసాగడానికీ, మందమర్రిని మున్సిపాలిటీ అన్నా అక్కడ దశాబ్దాలుగా పురపాలక ఎన్నికలు జరగకపోవడానికీ మూలం ఈ చిక్కులోనే ఉంది. మీ ఊరు మైదాన ప్రాంతంలో ఉంది కాబట్టి ఈ రక్షణ మీకు లేదు.

హైదరాబాదు చుట్టుపక్కల ఇటీవల జరిగిన క్రమాన్ని గమనించండి. 2024 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా ఔటర్ రింగు రోడ్డు పరిసరాల్లోని 51 గ్రామ పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపారు. కీసర వాటిలో ఒకటి. 2025 నవంబరులో ఆ చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను హైదరాబాదు మహానగర పాలక సంస్థ అయిన జీహెచ్‌ఎంసీలో కలపాలని మంత్రివర్గం నిర్ణయించగా, డిసెంబరులో అది అమలులోకి వచ్చింది. అంటే కీసర మనిషి, ఉన్న ఇంట్లోనే ఉండి, ఏడాదిన్నర తిరగకముందే పంచాయతీ, మున్సిపాలిటీ, మహానగరం అనే మూడు పాలనలను చూశాడు. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేగం కాదు, తేదీలు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. మున్సిపల్ పాలకవర్గాల గడువు చాలా చోట్ల 2025 జనవరిలో ముగిసింది. కాబట్టి మొదటి విలీనం నాటికి ఆ ఊళ్లకు సర్పంచు లేడు, రెండో విలీనం నాటికి కౌన్సిలరూ లేడు. ఊరి తరఫున మాట్లాడవలసిన కుర్చీ రెండుసార్లూ ఖాళీగానే ఉంది. మీ ఊళ్లో ప్రస్తుతం ఎన్నికైన పాలకవర్గం ఉంటే, అది ఉన్నన్నాళ్లు దాని విలువ ఎంతో మీవాళ్లకు తెలియజెప్పండి.

విశాఖపట్నం అనుభవం ఇంతకంటే కఠినమైనది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం మున్సిపాలిటీలను కూడా అందులో చేర్చారు. భీమునిపట్నం సామాన్యమైనది కాదు. 1861 నుంచి పురపాలన ఉన్న ఊరు. అయితే విశాఖ పాలకవర్గం గడువు 2012లోనే ముగియగా, తదుపరి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. సొంత కౌన్సిలును వదులుకుని నగరంలో చేరిన భీమునిపట్నం, అనకాపల్లి ప్రజలు దాదాపు ఎనిమిదేళ్లు ఒక్క కార్పొరేటరు కూడా లేకుండా పన్ను కట్టారు. దీనికి కొసమెరుపు ఏమిటంటే, 2022లో అనకాపల్లి ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. కలెక్టరు ఊళ్లోనే ఉంటాడు. ఊరి మురుగుకాల్వ సంగతి చూసే కమిషనరు మాత్రం మరో జిల్లాలో కూర్చుంటాడు.

ఎన్నికలు సకాలంలో జరిగినా దూరం దూరమే. మన పంచాయతీ వార్డులో ఓట్లు వందల్లో ఉంటాయి. వార్డు సభ్యుడి ఇంటి అరుగు మీద కూర్చుని వీధిదీపం గురించి అడగవచ్చు. అతడు తప్పించుకుపోవడానికి వేరే దారి కూడా ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జీహెచ్‌ఎంసీలో సుమారు 67 లక్షల మంది ఉండగా, 2025 విలీనానికి ముందు వార్డులు 150. అంటే ఒక్కో కార్పొరేటరుకు దాదాపు 45 వేల మంది. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటు వేసినవారు సగానికి తక్కువ. అదే రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికల పోలింగు 80 శాతం దాటడం మామూలు విషయం. ఈ తేడా అంతటికీ విలీనమే కారణమని నేననను. నగరంలో అద్దెకుండేవాడి ఓటు తరచుగా సొంత ఊళ్లోనే ఉంటుంది. మీ ఊరు కలిసేది ఒక మామూలు మున్సిపాలిటీలో కాబట్టి అక్కడి వార్డు కొన్ని వేల మందితో సరిపోతుంది. అయినప్పటికీ సర్పంచు, ఉపసర్పంచు, పదిమంది దాకా వార్డు సభ్యులు ఉన్న ఊరికి రేపు ఒక కౌన్సిలరో, సగం కౌన్సిలరో మిగులుతాడు. సగం అని ఎందుకన్నానంటే, వార్డు గీత ఊరి మధ్యనుంచి పోవడం నేను చూశాను. గ్రామసభ కూడా పోతుంది. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని చెబుతుంది గాని, అవి నియమిత సభ్యుల కమిటీలు. ఊరంతా రచ్చకట్ట దగ్గర చేరి లెక్కలడిగే గ్రామసభకు అవి సాటిరావు.

తండా విషయం ఇంకా సున్నితమైనది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500కు అటూ ఇటుగా జనాభా ఉన్న తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అప్పటిదాకా పెద్ద ఊరి పంచాయతీకి చివరి వార్డుగా ఉన్న తండాకు సొంత సర్పంచు వచ్చాడు. జనాభా మొత్తం గిరిజనులే అయిన పంచాయతీలో సర్పంచు పదవితో పాటు వార్డులన్నీ వారికే రిజర్వు అవుతాయి. అదే కాలంలో, పట్టణాల చుట్టూ ఉన్న గ్రామాలను మున్సిపాలిటీల్లో కలిపే పని కూడా సాగింది. ఒక చేత్తో ఊళ్లను విడదీస్తూ ఇంకో చేత్తో కలిపిన కాలమది. మీ తండా ఆ తరువాత సొంత పంచాయతీ అయి ఉంటే, ఈ విలీనంతో అది పట్టణంలోని ఒక వార్డులో ఒక మూలగా మారుతుంది. ఆ వార్డు ఎవరికి రిజర్వు అవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే తండావాసుల అభ్యంతరాన్ని ఊరి అభ్యంతరంలో కలపకుండా వేరుగా రాయించండి. రెండింటి కారణాలు ఒకటి కావు.

ఇక కూలి పని సంగతి. ఉపాధి హామీ గ్రామీణ కుటుంబాలకు ఉద్దేశించినది. చట్టంలో ఏ మార్పులు వచ్చినా ఆ గ్రామీణ హద్దు అలాగే ఉంది. ఊరు మున్సిపాలిటీ అయిన నాడు జాబ్‌కార్డుకు విలువ ఉండదు, పక్క పంచాయతీలో ఆ కార్డు చెల్లదు. మా ఊళ్లో ఈ సంగతి వేసవిలో బయటపడింది. ప్రతి ఏటా చెరువు పూడిక పనికి వెళ్లే ఆడవాళ్లు గడ్డపారలు, తట్టలు పట్టుకుని ఫీల్డ్ అసిస్టెంటు ఇంటికి వచ్చారు. మస్టరు, అంటే హాజరు పట్టీ, రాయడానికి ఆ ఫీల్డ్ అసిస్టెంటుకే ఉద్యోగం లేదు. మున్సిపాలిటీలో వారికి దొరికే పని పారిశుద్ధ్యంలోని కొద్దిపాటి ఔట్‌సోర్సింగు కొలువులే. అవీ పదుల్లో ఉంటాయి గాని వందల్లో ఉండవు. ఆ ఏడాది కొన్ని కుటుంబాలు పట్నంలో ఇళ్ల నిర్మాణ పనులకు అలవాటుపడ్డాయి. రెండేళ్లలో వాటిలో కొన్ని పని దొరికే అడ్డా దగ్గరికే మకాం మార్చాయి. విలీనం ఊరికి పట్నాన్ని తెస్తుందని అందరూ అన్నారు గాని, ముందుగా కదిలి పట్నానికి వెళ్లింది ఊళ్లోని పేదవాళ్లే.

మహిళా సంఘాలకు కూడా ఇల్లు మారినట్లే అవుతుంది. గ్రామ సమాఖ్యలు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కిందనుంచి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కిందకు వెళ్లాలి. బ్యాంకు ఖాతాల్లో, రుణాల వరుసలో, లెక్కల పుస్తకాల్లో ఈ బదిలీ పూర్తయ్యేదాకా కొత్త రుణం ఆగవచ్చు. మరో పక్క చిన్న ఊరటలూ ఉన్నాయి. ఆహారభద్రత కార్డుకు, బీసీ విద్యార్థుల ఉపకార వేతనాలకు వార్షిక ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర ఉంటే పట్టణాల్లో రెండు లక్షలు. రైతుకు పంట పెట్టుబడి సాయం, వ్యవసాయ కరెంటు భూమికి సంబంధించినవి కాబట్టి వాటికి విలీనంతో సంబంధం లేదు. ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం పెరిగే అవకాశం ఉంటుంది. విలీనానికి మద్దతుగా టీకొట్టు దగ్గర గట్టిగా మాట్లాడేవారిలో ఒకరిద్దరు ఉపాధ్యాయ మిత్రులు ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

పన్నుల గురించి ఎక్కువ భయం అక్కరలేదు, తక్కువ జాగ్రత్తా పనికిరాదు. పంచాయతీ ఇంటిపన్ను ఇంటి విలువను బట్టి, మున్సిపాలిటీ ఆస్తిపన్ను అద్దె విలువను బట్టి లెక్కకడతాయి. విలీన గ్రామాల్లో కొన్నేళ్లదాకా పెంచబోమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట సభలో చెప్పినదా, ఉత్తర్వులో ఉన్నదా అన్నది చూసుకోవాలి. మా ఊరికి మున్సిపాలిటీ నుంచి వచ్చిన మొదటి నోటీసు పన్ను గురించి కాదు, వీధి పక్కనున్న పెంటకుప్ప గురించి. పాడిగేదెలు, గడ్డివాము, పెంటకుప్ప పంచాయతీకి బతుకుతెరువు, మున్సిపాలిటీకి అపరిశుభ్రత. నాలుగైదు గేదెలున్న ఇళ్లు మూడేళ్లలో రెండుకు, ఒకటికి దిగాయి. పంచాయతీకి ఇచ్చిన ట్రాక్టరు, ట్యాంకరు కూడా పట్టణ పారిశుద్ధ్య విభాగానికి వెళ్లాయి. చెత్తబండి రోజూ వస్తుందన్నారు. వచ్చేది, అయితే మా ఊరి చెత్త ఎత్తడానికి రావలసిన బండి పట్నం నడిబొడ్డు ముగించుకుని మధ్యాహ్నానికి చేరేది.

విలీనం వద్దనుకుంటే ఊరు పట్నం బారినుంచి తప్పించుకుంటుందనుకోవడమూ పొరపాటే. హైదరాబాదు చెత్త అంతా ఏళ్ల తరబడి వెళ్లి పడిన జవహర్‌నగర్, 2025 దాకా ఆ మహానగర సంస్థ హద్దుల్లోనే లేదు. వాసన వారిది, నిర్ణయం మరొకరిది, ఆ నిర్ణయం తీసుకునేవారిని ఎన్నుకునే ఓటు వారికి లేదు. హద్దు బయట ఉండిపోవడానికి కూడా ఒక వెల ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మనుషులు ఎక్కడ నివసిస్తారన్నది విలీనం ఒక్కటే తేల్చదు. కోకాపేట మొన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీ. 2018లో నార్సింగి మున్సిపాలిటీలో భాగమైంది. 2023లో అక్కడి ప్రభుత్వ స్థలం వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర ఐటీ కార్యాలయాల వల్ల, ఔటర్ రింగు రోడ్డు వల్ల వచ్చిందే గాని మున్సిపాలిటీ బోర్డు వల్ల కాదు. జిల్లా కేంద్రం పక్కనున్న మీ ఊరికీ ఇదే లెక్క. రోడ్డు, నీళ్లు, కొలువులు వస్తే ధర వస్తుంది. బోర్డు మాత్రమే మారితే మొదటి ఆరునెలలు స్థిరాస్తి దళారుల మాటల్లో మాత్రమే వస్తుంది. జపాన్‌లో 1999 నుంచి 2010 మధ్య 3,232గా ఉన్న పట్టణ, గ్రామ పాలక సంస్థలను కలుపుకుంటూ సుమారు 1,730కి తగ్గించారు. అక్కడ ముసలివాళ్లు ఎక్కువై జనం తగ్గుతున్న ఊళ్లను కలిపారు, మన దగ్గర జనం పెరుగుతున్న ఊళ్లను కలుపుతున్నారు. కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. ఒక్క విషయం మాత్రం రెండుచోట్లా నాకు ఒకేలా కనిపిస్తుంది. ఊరి కార్యాలయం శాఖా కార్యాలయంగా కుదించుకుపోయినప్పుడు అక్కడి ఉద్యోగులు తగ్గుతారు, వారి కోసం వచ్చిపోయేవారు తగ్గుతారు, ఎదురుగా ఉన్న హోటలూ జిరాక్సు దుకాణమూ మూతపడతాయి. మా పంచాయతీ భవనం తాళం పడిన ఏడాదిలోపే దాని ముందున్న మిర్చిబజ్జీ బండి బస్‌స్టాపుకు తరలింది. అది చిన్న విషయంగానే తోస్తుంది గాని, ఊరి కేంద్రం ఎటు జరిగిందో నాకు ఆ బండే చూపించింది.

ఇప్పుడు మీ స్థలం. మొదట అది గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఉందా, పంచాయతీ లేఅవుట్‌లో ఉందా, అనుమతి పొందిన లేఅవుట్‌లో ఉందా తేల్చుకోండి. సర్పంచు, కార్యదర్శి సంతకాలతో వేసిన పంచాయతీ లేఅవుట్లకు పట్టణ ప్రణాళికా విభాగం దృష్టిలో విలువ లేదు. అనుమతి లేని లేఅవుట్ల కోసం తెచ్చిన 2020 నాటి క్రమబద్ధీకరణ పథకానికి ఆ ఏడాది ఆగస్టు 26ను గడువుగా పెట్టారు. అప్పటికి రిజిస్టరైన స్థలమై మీరు దరఖాస్తు చేసి ఉంటే ఆ రసీదు భద్రంగా ఉంచుకోండి. గ్రామకంఠమైతే తాతల నాటి అనుభవం తప్ప రిజిస్టరు కాగితం ఉండకపోవచ్చు. పంచాయతీ ఉన్నప్పుడు ఇది ఫలానావారి ఇల్లని చెప్పే కార్యదర్శి, సాక్ష్యం చెప్పే ఇరుగుపొరుగు ఉంటారు. మున్సిపాలిటీలో కంప్యూటరు ముందున్న మనిషికి కాగితమే సాక్ష్యం. అందువల్ల ఇంటినంబరు, పన్ను మదింపు నకలు, పన్ను రసీదులు, ఉంటే యాజమాన్య ధ్రువపత్రం విలీనానికి ముందే తీసుకోండి.

కాగితాలు సరిగా ఉంటే ఇల్లు కట్టుకోవడానికి మున్సిపాలిటీని చూసి భయపడనవసరం లేదు. 2019 చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలానికి అనుమతే అక్కరలేదు, నమోదు చాలు. సుమారు 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది. మీ 150 గజాలు రెండో తరగతిలోకి వస్తాయి. అయితే ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ, ముందున్న రోడ్డు వెడల్పు ఖచ్చితంగా చూస్తారు. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. విలీనానికి ముందే హడావిడిగా పంచాయతీ అనుమతి తీసుకుని, పునాది వేసి వదిలేయడం నేను సలహా ఇవ్వను. అలాంటి అనుమతుల తేదీల మీద తరువాత అనుమానాలు రావడం, అసలు కట్టుకున్నవారు కూడా తిరగవలసి రావడం చూశాను. డబ్బు సిద్ధంగా ఉంటే ఇప్పుడే సక్రమంగా అనుమతి తీసుకుని కట్టండి. లేకుంటే విలీనమై ఏడాది గడిచాక మొదలుపెట్టండి. మధ్యలోని ఆ ఏడాదే అందరికీ అయోమయం. పట్నంలో అద్దెకు వెళ్లడం ఉద్యోగం కోసమైతే సరే గాని, విలీనానికి భయపడి అయితే వద్దు.

గ్రామసభ జరిగితే వద్దు అని ఒక్క మాట రాసి పంపకండి. కలిపేటట్లయితే ఇవి కావాలి అని కూడా రాయించండి. పంచాయతీ భవనం వార్డు కార్యాలయంగా కొనసాగాలి, జనన మరణ ధ్రువపత్రాలు, పన్ను వసూలు అక్కడే జరగాలి. పన్ను పెంచబోమన్న హామీ ఎన్నేళ్లో ఉత్తర్వులో ఉండాలి. వార్డుల విభజనలో ఊరినీ తండానూ ముక్కలు చేయకూడదు. పంచాయతీ పేరున ఉన్న స్థలాలు, వైకుంఠధామం (శ్మశానవాటిక), నర్సరీ, బోర్లు, బ్యాంకు నిల్వల జాబితాను తీర్మానంతో జతపరచి ధ్రువీకృత నకలు ఊళ్లో నలుగురి దగ్గర ఉంచండి. నేను రికార్డులు అప్పగించినప్పుడు ఆ జాబితా రెండే ప్రతులు తీశాను. తరువాత చెరువుగట్టు పక్కనున్న పదిహేను గుంటల పంచాయతీ స్థలం మీద వివాదం వస్తే, కార్యాలయంలో ఉండవలసిన ప్రతి దొరకలేదు. మాజీ సర్పంచు ఇంట్లో పెట్టెలో ఉన్న ప్రతే ఊరిని కాపాడింది.

మీ అమ్మగారి జాబ్‌కార్డు విషయంలో ఇప్పుడే చేయవలసింది ఒకటుంది. చేసిన పని దినాలు మస్టరులో ఎక్కాయో లేదో, బకాయి కూలీ ఖాతాలో పడిందో లేదో నోటిఫికేషన్ రాకముందే సరిచూడండి. ఆ తరువాత మండల పరిషత్ కార్యాలయం మున్సిపాలిటీ వైపు చూపిస్తుంది, మున్సిపాలిటీ తనకు సంబంధం లేదంటుంది.